గోడ ప్లగ్గు చివర పెట్టండి

నా పనిబల్ల మీద ఒక గాజు సీసా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తూ పారేయడానికి మనసొప్పక దాచిన వస్తువులు అందులో ఉన్నాయి. నల్లగా మాడిన ఫ్యూజులు, కరిగి ముద్దయిన ఒక ప్లగ్గు, వెంట్రుకంత సన్నని రాగి పోగులు, కాయిల్ కాలిపోయిన ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు). కొత్త ఆడియో సెట్టు ఎలా కలుపుకోవాలని ఎవరైనా అడిగితే ముందు ఆ సీసాను వాళ్ల చేతికిస్తాను. అందులో వయసు మీరి పాడైనది ఒక్కటి కూడా లేదు. కొన్ని పెట్టె విప్పిన మొదటి గంటలోనే పోయాయి. కొన్ని, ఊడిన వైరును సెట్టు ఆన్‌లో ఉండగానే మళ్లీ గుచ్చబోయినప్పుడు పోయాయి. మరికొన్ని, నలుగురూ చేరిన రాత్రి ఉత్సాహంలో శబ్దం ఇంకాస్త, ఇంకాస్త అని పెంచుతూ పోయినప్పుడు పోయాయి.

కొత్త పెట్టె ఇంటికి వచ్చిన రోజు పాట వినాలన్న ఆత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ఆత్రాన్ని అరగంట ఆపమని వేడుకుంటున్నాను. అన్ని వైర్లూ కలపండి, ఒక్కో కనెక్షన్‌ను కళ్లారా చూడండి, వాల్యూమ్‌ను సున్నాకు తిప్పండి, గోడ ప్లగ్గు మాత్రం అన్నిటికన్నా చివర పెట్టండి. తర్వాత ఎప్పుడైనా ఒక వైరు మార్చాల్సి వస్తే ముందుగా తీయాల్సింది కూడా ఆ ప్లగ్గే. స్విచ్చు ఆపితే చాలు కదా అని చాలామంది అంటారు. చాలదు. స్టాండ్‌బైలో ఉన్న సెట్టు లోపల కరెంటు ఉంటుంది, రిమోట్ మీద ఎవరి చేయి పడినా అది లేస్తుంది.

వెనక వైపు చదవడం

యాంప్లిఫయర్‌ను బల్ల మీద పెట్టి, ముందు దాని వెనక వైపు చదవండి. అది ఎన్ని వోల్టులకు చేసిందో అక్కడ రాసి ఉంటుంది. ప్రపంచంలో చాలా దేశాల ఇళ్లకు 230 వోల్టులు వస్తాయి, ఉత్తర అమెరికాలో 120, జపాన్‌లో 100. వేరే దేశం నుంచి తెచ్చిన సెట్టు, పాతదిగా కొన్న సెట్టు అయితే ఈ అంకెను రెండుసార్లు చూడండి. 120 వోల్టుల సెట్టును 230లో గుచ్చితే అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే పొగ వస్తుంది. కొన్నిటికి వెనక వోల్టేజీ మార్చే చిన్న జారుడు స్విచ్చు ఉంటుంది. దాన్ని సరిచూసేది ప్లగ్గు పెట్టకముందే. ‘100-240’ అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది.

పాత రికార్డ్ ప్లేయర్ల విషయంలో మరో చిక్కు ఉంది. ఏసీ మోటారుతో తిరిగేవి చాలావరకు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతాయి. 60 హెర్ట్జ్ దేశంలో చేసినదాన్ని 50 హెర్ట్జ్ దేశంలో నడిపితే ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, గొంతులన్నీ బరువుగా సాగుతాయి. వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చలేదు. మోటారు పాడైందనుకుని ఇలాంటివి కొన్ని నా దగ్గరకు తెచ్చారు.

రెండు గుర్తులు కూడా వెతకండి. త్రికోణంలో మెరుపు గీత ఉంటే అక్కడ షాక్ కొట్టే వోల్టేజీ ఉందని అర్థం. కొన్ని శక్తిమంతమైన యాంప్లిఫయర్లకు స్పీకరు వైర్లు బిగించే టెర్మినళ్ల పక్కన కూడా ఈ గుర్తు ఉంటుంది. అది ఉత్తినే వేసింది కాదు. 8 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు ఎదురయ్యే నిరోధాన్ని కొలిచే ప్రమాణం) స్పీకరుకు 100 వాట్లు వెళుతున్నప్పుడు టెర్మినళ్ల మధ్య దాదాపు 28 వోల్టులు, 200 వాట్లకు 40 వోల్టులు ఉంటాయి. పాట మోగుతున్నప్పుడు అక్కడ చెయ్యి పెట్టకూడదు. రెండో గుర్తు, ఒకదానిలో ఒకటి ఉన్న రెండు చతురస్రాలు. ఆ పరికరానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, అందుకే దానికి ఎర్త్ పిన్ను అక్కర్లేదని దాని అర్థం. ఆ గుర్తు లేకుండా మూడు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన పరికరానికి మూడో పిన్ను ప్రాణం లాంటిది. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ఎక్కడ పెట్టాలి

ఒకసారి చాలా ఖరీదైన యాంప్లిఫయర్ ఒకటి బాగుచేయడానికి వచ్చింది. దుమ్ము పడకూడదని యజమాని దాని మీద మందపాటి గుడ్డ కప్పేవారు, తలుపులున్న అల్మారాలో పెట్టి మూసేవారు. బయట ఒక్క గీత కూడా లేదు. లోపల మాత్రం కరెంటును నిల్వ చేసే కెపాసిటర్ల పైభాగాలు ఉబ్బిపోయి, బోర్డు గోధుమరంగుకు తిరిగి ఉంది. ఎంతో ప్రేమగా చూసుకున్న వస్తువును ఆ గుడ్డే చంపింది. ఏబీ తరగతి అనే మామూలు రకం యాంప్లిఫయర్ తీసుకునే విద్యుత్తులో పెద్ద వాటా వేడిగానే బయటికి వస్తుంది, ఆ వేడి పైకి పోవడానికి దారి కావాలి. పైన కనీసం 10 నుంచి 15 సెంటీమీటర్లు, పక్కల, వెనక అందులో సగమైనా ఖాళీ వదలండి. పరికరంతో వచ్చిన పుస్తకంలో ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే దాన్నే పాటించండి. దాని మీద మరో పరికరం పెట్టకండి. పూలకుండీ అసలే వద్దు. పై రంధ్రాల్లోంచి కారిన నీళ్లు నేరుగా కరెంటు బోర్డు మీద పడతాయి.

వాల్వు (గాజు గొట్టాల) యాంప్లిఫయర్లు కొన్నవాళ్లకు ఒక ప్రత్యేక మాట. ఆ గాజు గొట్టాలు చర్మం కాలేంత వేడెక్కుతాయి, లోపల 300 వోల్టులకు పైన ఉండటం మామూలే. పసిపిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో ఇనుప జాలీ తొడుగు తీయకండి. స్పీకరు కలపకుండా వాల్వు యాంప్లిఫయర్‌ను ఆన్ చేసి పాట పెడితే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు.

స్పీకర్ల బరువును తక్కువ అంచనా వేయకండి. ఎత్తైన స్పీకరు సన్నని పీఠం మీద నిలబడి ఉంటుంది. నడక నేర్చుకుంటున్న పిల్లవాడు దాన్ని పట్టుకుని లేవాలని చూస్తే అతని మీదికే ఒరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో ఎత్తైన స్పీకర్లను, వాటి మధ్య ఉండే టీవీని పట్టీలతో గోడకు బిగించండి. గోడకు తగిలించేటప్పుడు బ్రాకెట్టు ఎంత బరువు మోస్తుందో చూస్తే సరిపోదు, స్క్రూ పట్టుకున్న గోడ ఎంత మోస్తుందో కూడా చూడాలి. బోలు పలకల గోడ అయితే వెనక ఉన్న చట్రంలోకే స్క్రూ దిగాలి.

స్పీకరు వైరు

అతి మామూలుగా కనబడే ఈ పనే ఎక్కువ యాంప్లిఫయర్లను నా బల్ల మీదికి తెచ్చింది. కాబట్టి ఇక్కడ నిదానంగా చెబుతాను.

వైరు చివర తొడుగును ఒక సెంటీమీటరు మాత్రమే తీయండి. ఎక్కువ తీస్తే టెర్మినల్ బయట బోసి రాగి మిగులుతుంది. కత్తితో కోస్తే కొన్ని పోగులు తెగుతాయి, తొడుగు తీసే పట్టుకారు ఉంటే మంచిది. బయటపడ్డ పోగులన్నిటినీ వేళ్లతో గట్టిగా ఒకే దిశలో మెలిపెట్టండి. టెర్మినల్‌లో పెట్టి బిగించాక, టార్చి వేసి దగ్గరగా చూడండి. పక్కకు తప్పించుకున్న ఒక్క పోగు అటు ఎరుపు టెర్మినల్‌ను, ఇటు నలుపును తాకితే చాలు, యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు. రక్షణ సర్క్యూట్ ఉన్నవి తమను తాము ఆపుకుంటాయి, అన్నిటికీ అది ఉండదు. నా సీసాలోని రాగి పోగులు అలాంటి వెనక పలకల నుంచి పట్టుకారుతో తీసినవే.

వైరు కలిపాక ఒక పరీక్ష చేయండి. నేను ఎవరి ఇంటికి వెళ్లినా ఇది చేయకుండా ప్లగ్గు పెట్టనివ్వను. వైరు స్పీకరు వైపు బిగించి, యాంప్లిఫయర్ వైపు ఇంకా కలపకముందే, ఆ చివర రెండు కొనల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. 8 ఓమ్‌ల స్పీకరుకు మీటరు సాధారణంగా 5 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్‌లదానికి 3 చుట్టుపక్కల. మీటరు కొలిచేది డీసీకి, అంటే ఒకే దిశలో పారే కరెంటుకు, ఉండే నిరోధాన్ని కాబట్టి రాసిన అంకె కన్నా కొంచెం తక్కువ రావడం సహజమే. సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో రెండు వైర్లు తాకుతున్నాయి. అసలేమీ చూపకపోతే ఎక్కడో తెగింది, లేదా బిగింపు వదులైంది. రెండు నిమిషాల పని.

రెండు వైర్లలో ఒకదాని మీద గీతో, గరుకు అంచో ఉంటుంది. దాన్ని రెండు వైపులా ఎరుపుకే కలపండి. ఒక స్పీకరుకు తిరగబడినా ఏదీ కాలిపోదు. కానీ బాస్ పలచబడిపోతుంది, రెండు స్పీకర్ల నడుమ నుంచి రావాల్సిన గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. అప్పుడు జనం బాస్ కోసం వాల్యూమ్ పెంచుతారు, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. గోడలోంచి వెళ్లిన పాత వైర్లకు ఏది ఏదో తెలియకపోతే ఒక మార్గం ఉంది. యాంప్లిఫయర్ నుంచి పూర్తిగా విడదీసి, ఒక 1.5 వోల్టుల బ్యాటరీని వైరు కొనలకు క్షణం పాటు తాకించి తీసేయండి. వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకరు) కోన్ బయటికి కదిలితే బ్యాటరీ ప్లస్ తాకినదే ఎరుపు వైరు. లోపలికి కదిలితే రెండోది. తాకించి తీయడమే, పట్టుకుని ఉంచకూడదు. సొంత యాంప్లిఫయర్ లోపలే ఉన్న స్పీకర్లకు ఈ పరీక్ష చేయకండి.

వైరు మందం గురించి పెద్ద బెంగ అక్కర్లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్ల దూరం వెళితే, రానూపోనూ 10 మీటర్లకు దాదాపు 0.12 ఓమ్‌ల నిరోధం వస్తుంది. 8 ఓమ్‌ల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు. 4 ఓమ్‌ల స్పీకరు, 10 మీటర్ల దూరం అయితే 2.5కు వెళ్లండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చవకగా దొరుకుతుంది. నిరోధం ఎక్కువ, పోగులు త్వరగా విరుగుతాయి, నేను వాడను. అంతకు మించి వైరు మీద డబ్బు పోయడం నా దృష్టిలో వృథా. వైరును తివాచీ కింద, తలుపు సందులో నడపకండి. అడుగులు పడి పడి తొడుగు అరిగిపోతుంది, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనబడదు. గోడ లోపల నడపాలంటే అందుకోసమే చేసిన వైరు వాడాలి, కరెంటు వైర్లు వెళ్లే గొట్టంలో దాన్ని దూర్చకూడదు.

అరటి ప్లగ్గులు అని పిలిచే గుచ్చుడు పిన్నులు సౌకర్యంగా ఉంటాయి. వాటి గురించి ఒక్క హెచ్చరిక. ఆ 4 మిల్లీమీటర్ల పిన్ను కొన్ని దేశాల్లో గుండ్రటి రంధ్రాలున్న గోడ సాకెట్‌లోకి కూడా దూరుతుంది. యూరప్‌లో అమ్మే యాంప్లిఫయర్ల స్పీకరు టెర్మినళ్ల రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు పెట్టేది ఆ పిన్నుల వాడకాన్ని ఆపడానికే. యాంప్లిఫయర్ వైపు ఊడి వేలాడుతున్న స్పీకరు వైరును చిన్నపిల్లలున్న ఇంట్లో ఎప్పుడూ అలా వదిలేయకండి.

ఎన్ని స్పీకర్లు?

నాలుగు గదుల్లో నాలుగు స్పీకర్లు పెట్టి, అన్నిటినీ ఒకే టెర్మినల్‌కు కలిపిన ఒక ఇంటి యాంప్లిఫయర్‌ను మూడుసార్లు బాగుచేశాను. మూడోసారి నేనే వెళ్లి చూశాను కాబట్టి కారణం తెలిసింది. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు పక్కపక్కన, అంటే ఎరుపులు ఎరుపుకు, నలుపులు నలుపుకు కలిపితే యాంప్లిఫయర్‌కు కనిపించేది 4 ఓమ్‌లు, నాలుగు కలిపితే 2 ఓమ్‌లు. ఒకే రకం స్పీకర్లయితే ఓమ్‌లను వాటి సంఖ్యతో భాగిస్తే సరిపోతుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ కరెంటు పెరుగుతుంది, యాంప్లిఫయర్ వేడెక్కుతుంది. పైగా 8 ఓమ్‌లు అన్నది పేరుకు మాత్రమే, కొన్ని స్వరాల దగ్గర స్పీకరు ఓమ్‌లు అంతకన్నా బాగా కిందికి దిగుతాయి. యాంప్లిఫయర్ వెనక ‘4 నుంచి 16 ఓమ్‌లు’ అని ఉంటే 4 కన్నా కిందికి వెళ్లకండి. ‘ఏ’, ‘బీ’ అని రెండు జతల స్పీకర్లకు చోటున్నచోట, రెండూ ఒకేసారి వాడితే ఒక్కో స్పీకరు 8 ఓమ్‌లు ఉండాలని చాలావాటి మీద రాసి ఉంటుంది. అది చదవండి. ఎక్కువ గదులు కావాలంటే ఇంపీడెన్స్‌ను, అంటే ఈ ఓమ్‌లను, తగ్గకుండా కాపాడే స్పీకరు సెలెక్టర్ పెట్టె వాడాలి.

ఈ మధ్య వస్తున్న డీ తరగతి అనే మరో రకం చిన్న యాంప్లిఫయర్లలో చాలావాటికి నలుపు టెర్మినల్‌లో కూడా సిగ్నల్ ఉంటుంది. ఎడమ, కుడి నలుపు టెర్మినళ్లను ఒకదానికొకటి కలపడం, ఎర్త్‌కు తాకించడం వాటికి ప్రాణాంతకం.

హోరు వస్తే ఎర్త్ జోలికి పోకండి

అన్నీ కలిపి ఆన్ చేస్తే స్పీకర్లలోంచి ‘హుమ్’ అని సన్నని హోరు వినబడుతుంది. చాలా ఇళ్లలో జరిగేదే. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయండి, పోతుంది అని. నిజమే, చాలాసార్లు హోరు పోతుంది. అందుకే అది అంత ప్రమాదకరమైన సలహా.

ఎర్త్ పిన్ను ఎందుకు ఉందో చెబుతాను. లోపల ఎప్పుడైనా ఒక వైరు తొడుగు కరిగి ఇనుప పెట్టెను తాకితే, కరెంటు ఎర్త్ వైరులోంచి భారీగా పారుతుంది, ఫ్యూజో బ్రేకరో వెంటనే తెగుతుంది. పిన్ను తీసేసి ఉంటే ఏదీ తెగదు. పెట్టె మొత్తం గోడ కరెంటుతో నిండి, ఎవరి చెయ్యి తగులుతుందా అని ఎదురుచూస్తూ ఉంటుంది. సిగ్నల్ కేబుళ్ల బయటి కవచాలు పరికరాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలుపుతాయి కాబట్టి, ఆ కరెంటు రికార్డ్ ప్లేయర్ లోహపు చెయ్యిలోకి, పక్కన తగిలించిన కంప్యూటర్ పెట్టెలోకి కూడా పాకగలదు. పిన్ను కోసిన యాంప్లిఫయర్ ఒకటి నా దగ్గరకు వచ్చినప్పుడు, ప్లగ్గు మార్చకుండా దాన్ని తిరిగి ఇవ్వనన్నాను. యజమానికి కోపం వచ్చింది. మరుసటి వారం తన ఇంట్లోని మిగతా ప్లగ్గులు కూడా పట్టుకొచ్చారు.

హోరుకు అసలు కారణం చాలావరకు ఎర్త్ వలయం. రెండు పరికరాలు గోడ ఎర్త్ ద్వారా ఒకసారి, సిగ్నల్ కేబుల్ ద్వారా మరోసారి కలిసినప్పుడు మధ్యలో 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు చుట్టూ తిరుగుతుంది. దాన్ని పట్టుకునే పద్ధతి ఇది. ముందు అన్నిటి ప్లగ్గులనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి, కొన్నిసార్లు దానితోనే పోతుంది. పోకపోతే యాంప్లిఫయర్ ఆపి, ఇన్‌పుట్ కేబుళ్లలో ఒక్కొక్కటే తీస్తూ, ప్రతిసారీ ఆన్ చేసి వినండి. ఏ కేబుల్ తీసినప్పుడు హోరు ఆగిందో అక్కడే వలయం ఉంది. రికార్డ్ ప్లేయర్ అయితే దాని సన్నని ఎర్త్ వైరును యాంప్లిఫయర్ వెనక ఆ పేరుతో ఉన్న స్క్రూకు బిగించారో లేదో చూడండి. టీవీ అయితే ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్లేది వెలుగు మాత్రమే, లోహపు బంధం ఉండదు కాబట్టి వలయమే ఏర్పడదు. ఇంకా మిగిలితే సిగ్నల్ దారిలో పెట్టే చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కరెంటు తీగలను, సిగ్నల్ కేబుళ్లను ఒకే కట్టగా కట్టకండి, ఒకదాన్నొకటి దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. లీకేజీ కరెంటు 30 మిల్లీయాంపియర్లకు చేరేలోగానే సరఫరా ఆపేసే బ్రేకర్ ఇంట్లో లేకపోతే, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి. దాని మీద నెలకోసారి పరీక్ష బటన్ నొక్కి చూడండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మరో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించకండి. మిగిలిన వైరును బిగుతుగా చుట్ట చుట్టి పెట్టకండి, చుట్ట లోపల వేడి బయటికి పోలేదు. సర్జ్ (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ) నుంచి రక్షణ ఉన్న బోర్డు మంచిదే కానీ, అందులోని భాగం దెబ్బ తిన్న ప్రతిసారీ కొంత అరుగుతుంది. రక్షణ ఉందని చూపే దీపం ఆరిపోతే అది మామూలు బోర్డుతో సమానం. దగ్గరలో పడే పిడుగును ఏ బోర్డూ ఆపలేదు. ఆకాశం మూసుకొస్తున్నప్పుడే ప్లగ్గుతో పాటు యాంటెన్నా, టీవీ, నెట్‌వర్క్ కేబుళ్లు కూడా తీసేయండి. ఉరుములు నెత్తి మీదికి వచ్చాక వాటిని ముట్టుకోకండి.

ఫ్యూజు పోతే అదే అంకె, అదే రకం ఫ్యూజు పెట్టండి. అంకెకు ముందు టీ అక్షరం ఉంటే నిదానంగా తెగేది, ఎఫ్ ఉంటే వేగంగా తెగేది. కొత్తది కూడా వెంటనే పోతే అక్కడితో ఆగండి. నా సీసాలో వెండి రంగు రేకు చుట్టిన ఫ్యూజు ఒకటి ఉంది. తెగాల్సిన ఫ్యూజు తెగకపోవడంతో దాని బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. ఆ ఇంట్లోవాళ్లు పొగ వాసనకు నిద్ర లేచారు కాబట్టి సరిపోయింది.

మొదటిసారి ఆన్ చేయడం

పాట వచ్చే పరికరాన్ని ముందు, యాంప్లిఫయర్‌ను చివర ఆన్ చేయండి. ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు. తిరగేసి చేస్తే మిగతా పరికరాలు లేచేటప్పుడు వచ్చే ‘ఠప్’ శబ్దం పెద్దదై స్పీకర్లను కొడుతుంది. వాల్యూమ్ సున్నాలో ఉంచి ఆన్ చేసి, నిమిషం ఆగి, మీకు బాగా తెలిసిన ఒక గొంతును చిన్నగా పెట్టండి. ఎడమ, కుడి వేర్వేరుగా వినండి. పది నిమిషాల తర్వాత యాంప్లిఫయర్ పైన చెయ్యి పెట్టి చూడండి, ప్లగ్గును కూడా ముట్టుకుని చూడండి. యాంప్లిఫయర్ గోరువెచ్చగా ఉండొచ్చు. ప్లగ్గు వెచ్చగా ఉండకూడదు. ఉంటే సాకెట్ వదులైంది.

వాల్యూమ్ బటన్ సగానికి తిప్పితే సగం శక్తి వాడుతున్నామని అనుకోవడం పొరపాటు. వచ్చే సిగ్నల్ బలంగా ఉంటే సగం తిరగకముందే యాంప్లిఫయర్ తన గరిష్ఠాన్ని చేరిపోగలదు. శబ్దం 3 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) పెరగాలంటే రెట్టింపు వాట్లు కావాలి. చెవికి రెట్టింపుగా అనిపించడానికి దాదాపు 10 డెసిబెల్స్, అంటే పదిరెట్ల వాట్లు కావాలి. తన శక్తికి మించి అడిగితే యాంప్లిఫయర్ తరంగాల తలలను నరికేస్తుంది. ఆ నరికిన అంచుల్లో పుట్టే పదునైన శక్తి ట్వీటర్‌కు చేరుతుంది, కొద్ది వాట్లే మోయగల దాని కాయిల్ కాలుతుంది. చిన్న యాంప్లిఫయర్ పెద్ద స్పీకరును ఏం చేస్తుందిలే అనుకున్నవాళ్ల ట్వీటర్లే నా సీసాలో ఎక్కువ ఉన్నాయి. గొంతు గరగరలాడినా, తాళాల శబ్దం చెవిలో గుచ్చుకున్నా అప్పుడే తగ్గించండి.

అంత పెంచాల్సిన అవసరమే రాకుండా చేసుకోవచ్చు. రెండు స్పీకర్లు, మీ తల కలిసి సమాన భుజాల త్రిభుజం అయ్యేలా కూర్చోండి. ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి. స్పీకరు దగ్గరికి వచ్చేకొద్దీ తక్కువ శక్తితోనే అంతే స్పష్టంగా వినబడుతుంది. ఆరుబయట అయితే దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ కలిసివస్తాయి, గదిలో అంతకన్నా కొంచెం తక్కువ. మూలలో పెట్టిన స్పీకరుకు బాస్ ఉబ్బుతుంది, మాటలు మసకబారతాయి. మాట అర్థం కాక మళ్లీ వాల్యూమ్ పెంచుతాం. గోడ నుంచి కాస్త ముందుకు జరిపి చూడండి.

చెవులు

నా ఎడమ చెవిలో ఎప్పుడూ ఒక సన్నని ఈల మోగుతూ ఉంటుంది. పరీక్ష కోసం వాడే స్పీకరు ఏళ్ల తరబడి నా బల్లకు ఎడమవైపు ఉండేది. పూర్తి శక్తితో మోగించి చూస్తేగాని బాగైందని నమ్మేవాణ్ణి కాదు. కాలిపోయిన ట్వీటర్‌ను పావుగంటలో మార్చగలను, ఆ చెవికి మాత్రం ఏమీ చేయలేకపోయాను. లోపలి చెవిలోని సూక్ష్మ కణాలు చనిపోతే మళ్లీ పుట్టవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో విడుదల చేసిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. పెద్దలకు 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. ఆ లెక్కన 100 దగ్గరికి చేరేసరికి వారం మొత్తానికి అరగంట కూడా మిగలదు. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని, మీరు కూర్చునే చోట ఒకసారి చూడండి. అది ప్రయోగశాల మీటరంత కచ్చితం కాకపోయినా, 75లో ఉన్నారా 95లో ఉన్నారా చెప్పడానికి చాలు. పాట ఆపిన తర్వాత చెవుల్లో గింగురుమన్నా, దూది పెట్టినట్టు మూసుకుపోయినా హద్దు దాటారని అర్థం.

హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు వాల్యూమ్ తగ్గించి, చెవికి పెట్టుకున్నాక పెంచండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కొన్నిటిలో ఫోనుకు ఒక వాల్యూమ్, హెడ్‌ఫోన్‌కు ఒక వాల్యూమ్ ఉంటాయి, ఒకటి తగ్గించి రెండోదాన్ని మరిచిపోతాం. నా మనవరాలు వాడే యాంప్లిఫయర్ వాల్యూమ్ బటన్ పక్కన తెల్ల రంగుతో ఒక చుక్క పెట్టాను. ఆమె కూర్చునే చోట కొలిచి, 75 దాటని చోటు చూసి పెట్టిన చుక్క అది. ఆ చుక్క దాటించాలంటే నన్ను పిలవాలని ఒప్పందం. ఇప్పటిదాకా పిలవలేదు.

ఎప్పుడు ప్లగ్గు లాగేయాలి

కాలిన వాసన వచ్చినా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా ఒక స్పీకరు గట్టిగా హోరెత్తినా, వూఫర్ కోన్ బయటికో లోపలికో తోసుకుపోయి అక్కడే నిలిచిపోయినా ఏమీ వెతకకండి. ప్లగ్గు లాగండి. కోన్ అలా నిలిచిందంటే యాంప్లిఫయర్ స్పీకరుకు డీసీ పంపుతోంది, క్షణాల్లో కాయిల్ కాలి అంటుకోవచ్చు. పొగ వస్తుంటే నీళ్లు పోయకండి. ప్లగ్గు అందకపోతే ఇంటి మెయిన్ స్విచ్చు ఆపండి, మంట కనబడితే అందరినీ బయటికి పంపి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

పెట్టె మూత విప్పకండి. ప్లగ్గు తీసిన చాలాసేపటి తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మేం వాటిని ముందుగా రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెడతాం.

బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు, వైర్లు విప్పకముందే వెనక వైపు ఫోటో తీయండి. ఏ స్పీకర్లు, ఎన్ని ఓమ్‌లు, ఎన్ని కలిపారు, పోయినప్పుడు ఏం మోగుతోంది, వాల్యూమ్ ఎక్కడుంది, వాసన వచ్చిందా అని ఒక కాగితం మీద రాసి జత చేయండి. పోయిన ఫ్యూజును పారేయకుండా దాన్ని కూడా తీసుకెళ్లండి. లోపల గాజు నల్లబడిందా, తీగ మాత్రమే తెగిందా చూస్తే, మూత విప్పకముందే సగం సంగతి తెలుస్తుంది.